లెక్కలోకి వచ్చిన పరుగు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"క్రీడలు - మన బడి" అనే అంశం మీద నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగారు. నేను ఈ బడిలోనే చదివాను. తరువాత వ్యాయామ ఉపాధ్యాయురాలినై, జిల్లా పోటీల్లో ముగింపు గీత దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని చాలా ఎండలు చూశాను. క్రీడల వల్ల ఆరోగ్యం, క్రమశిక్షణ అని మొదలుపెడితే అది మీ అందరికీ తెలిసిన పాఠమే. అందుకని అలా కాకుండా, మన విశాఖ అమ్మాయి ఒకరి పరుగు గురించి చెప్తాను. చివర్లో మన మైదానం గురించి ఒక మాట అడుగుతాను. రెండింటికీ సంబంధం ఉంది.

ఆ అమ్మాయి యర్రాజి జ్యోతి. 1999 ఆగస్టు 28న విశాఖపట్నంలో పుట్టింది. తండ్రి ప్రైవేటు సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళల్లో పని చేస్తూ, ఒక ఆసుపత్రిలో శుభ్రం చేసే పని కూడా చేసేవారు. మన అచ్యుతాపురం ఇళ్ళల్లో ఉన్న పరిస్థితికి అది పెద్ద తేడా ఏమీ కాదు. ఆమె విశాఖలోని కృష్ణా పోర్ట్ హైస్కూల్లో చదువుకుంది. అక్కడి వ్యాయామ ఉపాధ్యాయులు ఆమెలో ముందు గమనించింది పొడుగు.

మన ఇళ్ళల్లో పిల్ల పొడుగు పెరిగితే ఏమంటారో మీకు తెలుసు. "ఇంత పొడుగైతే నీకు సంబంధం ఎక్కణ్ణించి తేవాలే" అంటుంది అమ్మమ్మ. ఆ పిల్ల కొన్నాళ్ళకి భుజాలు వంచి నడవడం నేర్చుకుంటుంది. అదే పొడుగును ఆ బడి మాస్టారు ఇంకోలా చూశారు. ఈ కాళ్ళు హర్డిల్స్‌కి పనికొస్తాయి అనుకున్నారు. ఒక బడి ఒక పిల్లకు చేయగలిగిన మేలు ఒక్కోసారి ఇంతే ఉంటుంది. ఇల్లు లోపమనుకున్నదాన్ని బడి వేరే పేరుతో పిలవడం. అంతకన్నా పెద్ద ఖర్చేమీ లేదు అందులో.

హర్డిల్స్ అంటే ఏమిటో పిల్లల కోసం కొంచెం చెప్పాలి. ఆడవాళ్ళ పోటీలో వంద మీటర్ల దారిలో పది హర్డిళ్ళు ఉంటాయి. ఒక్కొక్కదాని ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు మన భోజనాల బల్ల కన్నా కాస్త ఎక్కువ. బయల్దేరే గీత నుంచి మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కణ్ణించి ఒక్కో హర్డిల్‌కీ మధ్య 8.5 మీటర్లు. చివరి హర్డిల్ దాటాక ముగింపు గీతకు 10.5 మీటర్లు. కూడి చూసుకోండి, సరిగ్గా వంద వస్తుంది. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు కనుక తప్పు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ 8.5 మీటర్ల మధ్య మూడే అడుగులు వేయాలి. నాలుగు వేస్తే ప్రతి హర్డిల్‌కీ కాలు మారిపోతుంది. అయిదు వేస్తే వేగం చచ్చిపోతుంది. హర్డిల్‌ని గెంతడం కూడా తప్పే. ఎంత పైకి లేస్తే అంతసేపు గాల్లో ఉంటాం. గాల్లో ఉన్నంతసేపు నేలను తన్నే వీలు లేదు. అందుకే మంచి హర్డిలర్ గెంతినట్టు ఉండదు, పరిగెత్తుతూనే దాటినట్టు ఉంటుంది. కాలు తగిలి హర్డిల్ పడినా కావాలని తోస్తే తప్ప పోటీ నుంచి తీసెయ్యరు. కానీ తగిలిన ప్రతిసారీ కొంత కాలం పోతుంది. అలా పదిసార్లు కొంచెం కొంచెం పోగొట్టుకునే, లేదా పదిసార్లు కొంచెం కొంచెం మిగుల్చుకునే పోటీ ఇది.

జ్యోతి 2015లో ఆంధ్రప్రదేశ్ అంతర్ జిల్లా పోటీల్లో బంగారు పతకం గెలిచింది. ఆ తరువాత హైదరాబాద్ సాయ్ కేంద్రంలో ఎన్. రమేశ్ గారి దగ్గర శిక్షణ తీసుకుంది. ఆయన ద్రోణాచార్య పురస్కారం పొందిన కోచ్. కొంతకాలం గుంటూరులో ఉండి, 2019లో భువనేశ్వర్‌లోని రిలయన్స్ ఫౌండేషన్ కేంద్రంలో జేమ్స్ హిలియర్ అనే బ్రిటిష్ కోచ్ దగ్గర చేరింది. విశాఖ, హైదరాబాద్, గుంటూరు, భువనేశ్వర్. పదహారేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ లోపు నాలుగు ఊళ్ళు. ఆడపిల్లను వేరే ఊరు కాలేజీకి పంపడానికే ఆలోచించే ఇళ్ళు మనవి. ఆ తల్లిదండ్రులు పంపారు. ఏ రికార్డు పుస్తకంలోనూ వాళ్ళ పేర్లు ఉండవు, అయినా మొదటి హర్డిల్ దాటింది వాళ్ళే.

ఇక నేను చెప్పాలనుకున్న కథ ఇక్కడ మొదలవుతుంది.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు జరిగాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున జ్యోతి వంద మీటర్ల హర్డిల్స్ పరిగెత్తింది. 13.03 సెకన్లు. అప్పటికి జాతీయ రికార్డు 13.38. ఒడిశాకు చెందిన అనురాధ బిస్వాల్ దాన్ని 2002లో ఢిల్లీలో నెలకొల్పారు. అప్పటికి జ్యోతికి ఇంచుమించు మూడేళ్ళు. ఆ రికార్డు మీద ఇరవయ్యేళ్ళ అమ్మాయి మూడో వంతు సెకను తగ్గించి పరిగెత్తింది. ఈ పోటీలో అది చాలా పెద్ద తేడా.

కానీ అది రికార్డు కాలేదు. ఎందుకంటే ఆ పోటీల్లో ఆమెకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్ష జరగలేదు. అథ్లెటిక్స్ సమాఖ్య పంపే సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. పరుగు నిజమే, గడియారం నిజమే, చూసినవాళ్ళు వందలమంది. అయినా పుస్తకంలో రాయడానికి కావలసిన సాక్ష్యం పూర్తిగా లేదు.

ఆ తర్వాత కోవిడ్ వచ్చింది. పోటీలు ఆగిపోయాయి. మళ్ళీ 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్. ఈసారి అధికారులున్నారు, ఏర్పాట్లున్నాయి. జ్యోతి 13.09 సెకన్లలో ముగించింది. ఇదీ 13.38 కన్నా బాగా తక్కువే. ఇదీ రికార్డు కాలేదు. ఈసారి అడ్డుపడింది గాలి.

పూడిమడక నుంచి వచ్చిన మిత్రులకు గాలి వాటం గురించి నేను చెప్పనక్కర్లేదు. వెనక నుంచి వీచే గాలి పడవనే కాదు, పరిగెత్తే మనిషినీ తోస్తుంది. అందుకని ట్రాక్ పక్కన, ముగింపు గీతకు 50 మీటర్ల దూరంలో, గాలి వేగం కొలిచే యంత్రం పెడతారు. హర్డిల్స్ పోటీలో తుపాకీ పేలినప్పటినుంచి 13 సెకన్లపాటు అది గాలిని కొలుస్తుంది. వెనక నుంచి వచ్చే గాలి సగటున సెకనుకు 2 మీటర్లు దాటకూడదు. దాటితే గెలుపు గెలుపే, పతకం పతకమే, కానీ ఆ కాలం రికార్డుకు పనికిరాదు. ఆ రోజు యంత్రం చూపించింది 2.1. దశాంశ స్థానంలో ఒక్క అంకె ఎక్కువ.

ఇది విన్న ఎవరికైనా కడుపు మండుతుంది. మా స్టాఫ్ రూములో ఈ విషయం చెప్పినప్పుడు ఒక మాస్టారు, "అంత చిన్న తేడాకి అంత పెద్ద అన్యాయమా" అన్నారు. నేను అన్యాయం అనను. ముగింపు గీత దగ్గర నిలబడే మనిషిగా ఎందుకు అననో చెప్తాను.

రికార్డు అనేది ఖాళీ కుర్చీ కాదు. అందులో అప్పటికే ఒకరు కూర్చుని ఉంటారు. 13.38 అనేది అనురాధ బిస్వాల్ గారి ఇరవయ్యేళ్ళ ఆస్తి. ఆమె కూడా కష్టపడి, నిబంధనల ప్రకారం పరిగెత్తి సంపాదించుకున్నారు. ఆమెను లేచి నిలబడమనాలంటే, కొత్తగా వచ్చిన అమ్మాయి గాలి సాయం లేకుండా, మందుల సాయం లేకుండా, కొలిచిన దూరంలో పరిగెత్తిందని రుజువుండాలి. నిబంధన అనేది ఈ రోజు పరిగెత్తిన పిల్లను ఆపడానికి పెట్టింది కాదు. ముందు పరిగెత్తిన పిల్లకు కాపలా అది. రేపు జ్యోతి రికార్డుకూ అదే కాపలా.

అయితే ఆ నిబంధన న్యాయమైనదే అని ఒప్పుకోవడం వేరు, రెండుసార్లు చేతికందింది పోగొట్టుకుని మూడోసారి గీత మీద వేళ్ళు ఆనించడం వేరు. ఆ రెండోది జ్యోతి చేసింది.

2022 మే 10న సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో అంతర్జాతీయ పోటీ. 13.23 సెకన్లు. గాలి సరిగ్గా ఉంది, అధికారులున్నారు, అన్నీ ఉన్నాయి. ఇరవయ్యేళ్ళ రికార్డు ఆ రోజు మారింది. పిల్లలూ, ఒకటి గమనించండి. 13.23 అనేది ఆమె అంతకు ముందు పరిగెత్తిన 13.03 కన్నా, 13.09 కన్నా ఎక్కువ. అంటే ఆమె చరిత్రకెక్కిన పరుగు ఆమె వేగవంతమైన పరుగు కాదు. లెక్కలోకి వచ్చిన పరుగు.

అక్కడితో ఆగలేదు. మే 22న ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో 13.11. మే 26న నెదర్లాండ్స్‌లోని వూట్‌లో 13.04. మొదటి రికార్డుకీ మూడో రికార్డుకీ మధ్య పదహారు రోజులు. తన రికార్డును తనే చెరుపుకుంటూ పోయింది. అయినా మూడబిదిరిలో ఎవరూ రాసుకోని 13.03 కన్నా ఇంకా ఒక సెకనులో వందో వంతు వెనకే ఉంది! లెక్కలోకి రాని ఆ పరుగు ఎంత మంచిదో లెక్కలోకి వచ్చిన పరుగులు సాక్ష్యం చెప్పాయి.

ఆ ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఆమె హర్డిల్స్ ఫైనల్‌కు చేరలేకపోయింది. ఇది కూడా చెప్పాలి. సన్మాన సభల్లో మనం గెలిచిన రోజులే ఏకరువు పెడతాం. పిల్లలు ఇంటికెళ్ళి, గెలిచేవాళ్ళు పుట్టినప్పటినుంచీ గెలుస్తూనే ఉంటారు కాబోలు అనుకుంటారు. దేశంలో అందరికన్నా వేగంగా పరిగెత్తే అమ్మాయి, బయటి మైదానంలో మొదటి గడపలోనే ఆగింది. రెండు నెలలు తిరిగేసరికి గాంధీనగర్ జాతీయ క్రీడల్లో హర్డిల్స్‌తో పాటు హర్డిళ్ళు లేని మామూలు వంద మీటర్లు కూడా గెలిచింది. అక్కడ హర్డిల్స్‌లో 12.79 వచ్చింది. మళ్ళీ గాలి హద్దు దాటింది, మళ్ళీ లెక్కలోకి రాలేదు. అదే నెలలో బెంగళూరు జాతీయ ఓపెన్ పోటీల్లో 12.82. ఈసారి గాలి హద్దులోనే ఉంది. 13 సెకన్ల లోపు వంద మీటర్ల హర్డిల్స్ ముగించిన మొదటి భారతీయ మహిళగా ఆమె పేరు రాశారు.

2023లో ఆసియా ఆమెను గుర్తుపట్టింది. ఫిబ్రవరిలో కజకిస్తాన్‌లోని అస్తానాలో ఆసియా ఇండోర్ పోటీలు జరిగితే 60 మీటర్ల హర్డిల్స్‌లో వెండి. జులైలో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 13.09 సెకన్లలో బంగారం. ఆ పోటీలో వంద మీటర్ల హర్డిల్స్ గెలిచిన మొదటి భారతీయురాలు ఆమే. మూడు రోజుల తర్వాత అక్కడే 200 మీటర్ల పరుగులో వెండి. ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు. 12.78 సెకన్లతో కంచు, కొత్త జాతీయ రికార్డు.

12.78కీ, అనురాధ గారి 13.38కీ తేడా 0.60 సెకను. పది హర్డిళ్ళకు పంచితే ఒక్కోదానికి 0.06. రెప్పపాటు కూడా కాదు. కానీ ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి పరిగెత్తించామనుకోండి, జ్యోతి ముగింపు గీత తాకేసరికి రెండో ఆమె నాలుగున్నర మీటర్లు వెనక ఉంటుంది. రెప్పపాటు లోపు సంపాదించినవి పది కలిస్తే ఒక గది పొడుగు. రోజుకు ఒక లెక్క చేస్తే ఏమొస్తుంది అని అడిగే పిల్లలకు టీచర్లు ఈ లెక్క చెప్పొచ్చు.

ఇప్పుడు 2023 అక్టోబరు 1. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు. హర్డిల్స్ ఫైనల్. చైనా దేశంలో పోటీ, పక్క లేనులో చైనా అమ్మాయి ఊ యానీ, చుట్టూ ఆమె కోసం వచ్చిన జనం. తుపాకీ పేలకముందే ఊ యానీ కదిలింది. ఆ కదలిక చూసి జ్యోతి కూడా లేచింది. అధికారులు ఇద్దరినీ తప్పించారు. ఇప్పటి నిబంధన ప్రకారం ఒక్క తప్పు స్టార్టుకే పోటీ నుంచి పంపేస్తారు, రెండో అవకాశం లేదు.

జ్యోతి మైదానం వదిలి వెళ్ళలేదు. ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. ముందు కదిలింది నేను కాదు, చూడండి అంది. ఒకరి కదలిక చూసి పక్కవాళ్ళు కదిలితే ఆ తప్పు మొదట కదిలినవాళ్ళదే అని నిబంధనలోనే ఉంది. ఆ విషయం ఆమెకు తెలుసు. అధికారులు వీడియో చూశారు. అభ్యంతరం పెండింగులో ఉంచి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. జ్యోతి 12.91 సెకన్లలో మూడోదిగా వచ్చింది. తర్వాత ఊ యానీ ఫలితాన్ని రద్దు చేశారు. కంచు వెండి అయింది.

ఆ కొన్ని నిమిషాల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మనం ఆడపిల్లలకు నేర్పేది ఏమిటి? పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకు, నలుగురిలో నోరెత్తకు, పంపేస్తే వెళ్ళిపో. ఆ రోజు ఆ అమ్మాయి మనం నేర్పినట్టే తల దించుకుని వెళ్ళిపోయుంటే ఆమెకు ఆ వెండి ఉండేది కాదు. అలాగని ఉత్త ధైర్యం మాత్రం ఏం చేస్తుంది? నిబంధన తెలియకుండా అరిస్తే బయటికి నెట్టేస్తారు. తన పక్షాన న్యాయం ఏ వాక్యంలో ఉందో తెలిసి, ఆ వాక్యం మీద నిలబడడం వేరు. ఉపాధ్యాయ మిత్రులారా, గేమ్స్ పీరియడ్‌లో విజిల్ వేసి వదిలేయకుండా, ఆటతో పాటు ఆట నిబంధన కూడా నేర్పండి. బడి దాటాక జీతం లెక్క దగ్గరా, పొలం కాగితాల దగ్గరా, అత్తవారింటి దగ్గరా ఆ అలవాటే వాళ్ళకు పనికొస్తుంది.

2024లో ఇంకో సంగతి జరిగింది. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత పొందాలంటే 12.77 సెకన్లు కావాలి. మే నెలలో ఫిన్లాండ్‌లో జ్యోతి పరిగెత్తింది 12.78. సగటు వేగంతో లెక్క కడితే ఆ వందో వంతు సెకను తేడా ఎనిమిది సెంటీమీటర్లు. అంటే ఒక బెత్తెడు. వంద మీటర్ల దారిలో బెత్తెడు తక్కువైంది. అయితే అప్పటికి ఆమె దేశదేశాల్లో లెక్కలోకి వచ్చేలా పరిగెత్తి ఉన్నందువల్ల ప్రపంచ ర్యాంకింగ్ ఆమెను పారిస్‌కు తీసుకెళ్ళింది. ఒలింపిక్స్ వంద మీటర్ల హర్డిల్స్‌లో పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ మన విశాఖ అమ్మాయి. అక్కడ హీట్స్‌లో 13.16, మరుసటి రోజు రెండో అవకాశం పోటీలో 13.17, అంతటితో ఆగింది. మళ్ళీ 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా బంగారం నిలబెట్టుకుంది.

సరే, ఈ కథంతా మన బడి స్వర్ణోత్సవంలో ఎందుకు చెప్పాను?

గత నెల ఈ సభ పనుల మీద వచ్చినప్పుడు సాయంత్రం మన మైదానంలో పిల్లలు పరుగు పందెం పెట్టుకున్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె మగపిల్లల్ని కూడా దాటేసి గోడ తాకింది. పేరు చెప్పను, చెప్తే సిగ్గుపడుతుంది. వాళ్ళమ్మ బట్టల కంపెనీలో పని చేస్తుంది. తెల్లవారుజామున కూడలిలో బస్సు కోసం నిలబడే ఆడవాళ్ళలో ఆమె ఒకరు. పదో తరగతి అయ్యాక ఈ పిల్ల కూడా అదే బస్సు ఎక్కవచ్చు. ఆ పనిని నేను చిన్నచూపు చూడడం లేదు. మన మండలంలో ఎన్నో ఇళ్ళు ఆ జీతాల మీదే నిలబడ్డాయి. నేను అడుగుతున్నది వేరు. ఆ పిల్ల ఎంత వేగంగా పరిగెత్తుతుంది?

ఈ ప్రశ్నకు ఈ సభలో ఎవరూ జవాబు చెప్పలేరు. ఎందుకంటే మన వంద మీటర్లు వంద మీటర్లు కాదు. మా రోజుల్లోనూ వేపచెట్టు నుంచి ప్రహరీ గోడ దాకా వంద అనేవాళ్ళం, ఇప్పుడూ అదే అంటున్నారు. ఆ రోజు టేపు తెప్పించి కొలిస్తే 93 మీటర్లు వచ్చింది. పైగా గోడ తాకాలి కనుక పిల్లలు చివరి పదడుగులూ వేగం తగ్గించుకుంటారు. వానపడితే మధ్యలో నీరు నిలుస్తుంది. ఈ యాభై ఏళ్ళలో ఈ మైదానంలో ఎంత మంచి పరుగులు పరిగెత్తారో మనకు తెలియదు. ఒక్కటీ రాసి లేదు. మూడబిదిరి పరుగైనా గడియారంలో మిగిలింది. మనవి అదీ లేకుండా పోయాయి.

జ్యోతి కథలో పరిగెత్తడం ఆమె వంతు. ఆ పరుగు లెక్కలోకి రావడం మాత్రం ఆమె ఒక్కదాని చేతిలో లేదు. టేపు, గడియారం, గాలి యంత్రం, సంతకం పెట్టే మనిషి, ఇవన్నీ ఎవరో ఏర్పాటు చేయాలి. మన పిల్లలకు ఆ "ఎవరో" మనమే కావాలి.

సంఘం వారు స్వర్ణోత్సవ గుర్తుగా గేటు దగ్గర ఆర్చి కట్టాలని ఆలోచిస్తున్నారని విన్నాను. వద్దనను. యాభై ఏళ్ళ బడికి ఒక ద్వారం ఉండడం అందమే. కానీ ఆర్చి కన్నా ముందు, లేదా ఆర్చితో పాటు, అయిదు పనులు చేయమని అడుగుతున్నాను.

మొదటిది, మైదానం చదును చేయించి, ఉక్కు టేపుతో సరిగ్గా వంద మీటర్లు కొలిచి, రెండు చివరలా రాళ్ళు పాతించండి. ముగింపు గీత దాటాక ఆగడానికి జాగా వదలండి. గోడకు అడ్డంగా కాకుండా మైదానం పొడుగు వెంట గీస్తే ఆ జాగా మనకు ఉంది, నేను చూశాను.

రెండోది, ఒక వరసకు సరిపడా పది హర్డిళ్ళు చేయించండి. ఎత్తు తగ్గించి పెంచే వీలుండాలి. చిన్నపిల్లలు మోకాలి ఎత్తు నుంచి మొదలుపెట్టాలి. తగిలితే ముందుకు పడిపోయేలా ఉండాలి, కాళ్ళ వైపు పరుగెత్తి వచ్చే పిల్లకు ఎదురుగా ఉండాలి. తిప్పి పెడితే అది పడదు, పిల్ల పడుతుంది. మన వెల్డింగ్ షాపుల మిత్రులకు ఇది పెద్ద పని కాదు. కొలతలు నేను ఇస్తాను.

మూడోది, ఒక రిజిస్టరు. ఏడాదికి రెండుసార్లు ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడి పరుగు కాలం రాయాలి. మూడు వాచీలు పెట్టండి. మూడూ వేర్వేరుగా చూపిస్తే మధ్యది తీసుకోండి, చేతి వాచీల పద్ధతి అదే. ఎటునుంచి గాలి వీస్తోందో ఒక కర్రకు గుడ్డ పీలిక కట్టి చూసి రాయండి. తేదీ వేసి, కాలం పట్టినవాళ్ళు సంతకం పెట్టండి. హాజరు పట్టీ అంత పవిత్రంగా దాన్ని కాపాడండి.

నాలుగోది ఆడపిల్లల సంగతి. ఎనిమిది దాటాక ఆడపిల్లలు మైదానం నుంచి మాయమైపోతారు. ఎవరూ పొమ్మనరు, అయినా పోతారు. బట్టలు మార్చుకోవడానికి తలుపు సరిగా పడే గది, నీళ్ళు వచ్చే మరుగుదొడ్డి, సాయంత్రం ఇంటిదాకా దిగబెట్టే తోడు, ప్రాక్టీసు రోజున ఒక గుడ్డూ, ఒక అరటిపండూ ఉంటే సగం మంది ఆగుతారని నా ఉద్యోగ అనుభవంతో చెప్పగలను. పదో తరగతికి గేమ్స్ పీరియడ్ తీసేసి అందులో లెక్కలు చెప్పే అలవాటును దయచేసి మానుకుందాం.

అయిదోది, చిన్న నిధి. అనకాపల్లికో, విశాఖకో పోటీకి వెళ్ళాలంటే బస్సు ఛార్జీలు, ఒక జత బూట్లు, వయసు ధ్రువపత్రం. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, బడి రికార్డులో మరొకటి ఉండి, పోటీ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగిన పిల్లల్ని నేను చూశాను. ఆ కాగితాలు ముందే సరిచూసి పెట్టే పని పూర్వ విద్యార్థులం తీసుకోవచ్చు. మనలో ఆఫీసు పనులు తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇవన్నీ చేస్తే మన బడి నుంచి ఇంకో జ్యోతి వస్తుందా అని మీరు అడగొచ్చు. వస్తుందని నేను మాట ఇవ్వలేను. అలా మాట ఇచ్చేవాళ్ళను నమ్మకండి కూడా. చాలామంది పిల్లలకు పతకాలు రావు. కానీ ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి తన అంకె ఏమిటో తెలుసుకుంటుంది. ఆరు నెలల తర్వాత అది ఎంత తగ్గిందో చూసుకుంటుంది. ఆ అంకె బాగుంటే దాన్ని చూపించి వాళ్ళమ్మతో మాట్లాడవచ్చు. "మీ పిల్ల బాగా పరిగెత్తుతుంది" అంటే ఆ తల్లి నవ్వి ఊరుకుంటుంది. "మీ పిల్ల కొలిచిన వంద మీటర్లు ఇన్ని సెకన్లలో పరిగెత్తింది, ఇదిగో రిజిస్టరు, ఇదిగో సంతకాలు" అంటే ఆగి వింటుంది. ఒక ఏడాది గడువు అడగడానికి మనకు అది చాలు.

వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు నేను ఉక్కు టేపు, సున్నం, తాడు తీసుకుని మైదానానికి వస్తాను. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనుషులు కావాలి. ఏ బ్యాచ్ వాళ్ళైనా సరే, రండి.